ఎర్ర సుద్దముక్కతో గీసిన కొండ: తన్నా దీవి ప్రయాణం

(అమలాపురంలో మిత్రులందరం నెలకోసారి కలుసుకునే సమావేశంలో ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందాండీ? ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, అది నాకంటే గట్టిగా మాట్లాడుతోంది.

నేను ముప్పై మూడేళ్ళు సోషల్ చెప్పాను. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఇక్కడే అయిదారుగురు కనిపిస్తున్నారు. అగ్నిపర్వతం పాఠం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బోర్డు మీద తెల్ల సుద్దతో ఒక త్రిభుజం, మధ్యలో ఒక గొట్టం, పైన ఎర్ర సుద్దతో మంట. శిలాద్రవం, బిలం, లావా, బూడిద, నాలుగు మాటలు రాసి బాణాలు పెట్టేవాణ్ణి. ఏటా అదే బొమ్మ. ఏటా వెనక బెంచీలోంచి ఒకడు లేచేవాడు. "మీరు చూశారా మాస్టారూ?" అనేవాడు. "కూర్చోరా" అనేవాణ్ణి. ఇంకేం చెప్తాను?

అందుకని, రిటైరయ్యాక బ్రిస్బేన్‌లో ఉన్న మా అబ్బాయి "నాన్నా, ఇక్కడికొస్తే ఏం చూస్తారు?" అని అడిగితే, ఆస్ట్రేలియాలో ఉన్నవి ఏవీ చెప్పలేదు నేను. అగ్నిపర్వతం చూపించరా అన్నాను. వాడు నవ్వాడు. తర్వాత మ్యాప్ తెరిచి, బ్రిస్బేన్‌కి ఈశాన్యంగా సముద్రంలో ఇంగ్లీషు వై అక్షరంలా పరుచుకున్న దీవుల వరస చూపించాడు. వనువాటు. ఎనభై పైచిలుకు దీవులున్న దేశం. 1980 జూలై 30న స్వాతంత్ర్యం వచ్చింది. అంతకుముందు 1906 నుంచి ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ ఇద్దరూ కలిసి ఏలారు. ఇద్దరు దొరలు, రెండు రకాల పోలీసులు, రెండు రకాల చట్టాలు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలన్నమాట. ఆ దీవుల వరసలో దక్షిణం కొసకి దగ్గర్లో ఉంటుంది తన్నా. నలభై కిలోమీటర్ల పొడవు, ఇరవైకి తక్కువ వెడల్పు. జనం ముప్పై వేలు అటూ ఇటూ. ఆ ముప్పై వేల మందికి అయిదు భాషలు! మన కోనసీమలో రావులపాలెంలో ఒక భాష, రాజోలులో ఒక భాష అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ప్రయాణం సంగతి ఎక్కువ చెప్పను. బ్రిస్బేన్ నుంచి రాజధాని పోర్ట్ విలాకి పెద్ద విమానం, అక్కణ్ణుంచి తన్నాకి చిన్న విమానం. చిన్నది అంటే ఎంత చిన్నదంటే, సామానుతో పాటు మమ్మల్నీ తూకం వేశారు. మా ఆవిడ ఆ కాటా ఎక్కేటప్పుడు నన్ను అటు తిరగమంది. ఇక్కడే ఉంది లెండి, మూడో వరసలో. ఇంతా చేసి మమ్మల్ని ఎక్కించుకుని మా సంచులు వదిలేశారు. రెండు రోజులు ఒకే చొక్కా. సరే, అది వదిలేద్దాం.

ఆ దీవికి తన్నా అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పాలి మీకు. 1774 ఆగస్టులో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ ఓడ అక్కడికొచ్చింది. రాత్రిపూట సముద్రంలోంచి చూస్తే దీవి మీద ఆకాశం ఎర్రగా వెలుగుతోందట. ఆ వెలుగును పట్టుకుని వచ్చి లంగరు వేశాడు. దిగాక నేలకేసి చూపించి, దీన్నేమంటారు అని అడిగాడు. వాళ్ళు "తన్నా" అన్నారు. తన్నా అంటే వాళ్ళ భాషలో నేల. మట్టి. పాపం వాళ్ళు సరిగ్గానే చెప్పారు! రేపు ఎవడో దొర అమలాపురంలో దిగి నేలకేసి చూపించి ఇదేంటంటే మనం మట్టి అంటాం. అట్లాసులో మన ఊరి పేరు "మట్టి" అని పడిపోతుంది. ముప్పై మూడేళ్ళు పిల్లల చేత మ్యాపుల్లో పేర్లు గుర్తింపజేసిన నాకు, ఈ కథ విన్నాక ఎన్ని పేర్ల వెనక ఎన్ని మట్టిలున్నాయో అని అనుమానం పట్టుకుంది.

కుక్‌కి ఆ వెలుగెక్కడిదో దగ్గరికెళ్ళి చూడాలని ఉండేది. ఊరివాళ్ళు వెళ్ళనివ్వలేదు. అది పెద్దలున్న చోటు, పోయినవాళ్ళు వెళ్ళే చోటు. పరాయివాడు తొక్కకూడదు. కుక్ తిరిగి వెళ్ళిపోయాడు. మేం మాత్రం టికెట్టు కొనుక్కుని వెళ్ళాం. ఆ టికెట్టు ధర విన్నప్పుడు మా ఆవిడ చూసిన చూపు... సరే.

ఇప్పుడు కొండ దగ్గరికి వద్దాం. యాసూర్ దాని పేరు. ఎత్తు ఎంతనుకుంటున్నారు? 361 మీటర్లు. అంతే. తిరుమల కొండలో సగం కూడా లేదు. కానీ ఆ కొండ నిద్రపోదు. కనీసం ఎనిమిది వందల ఏళ్ళుగా ఇలాగే పేలుతోందంటారు. పడమటి ఒడ్డున విమానం దిగి, దీవి మధ్యనున్న కొండలెక్కి దిగి తూర్పుకి వెళ్ళాలి. దారంతా ఆకుపచ్చ. మర్రిచెట్లు. మన మర్రి లాంటివే గానీ, ఒక్కొక్క చెట్టు కింద మన ఊళ్ళో ఒక వీధి పట్టేస్తుంది. మనిషంత ఎత్తున్న ఫెర్న్ చెట్లు. మొగలి పొదలు! మన కాలవగట్ల మీది మొగలికి అన్నదమ్ములే. ఆ ఆకుతోనే అక్కడ చాపలు, బుట్టలు అల్లుతారు. ఇంత పచ్చదనంలోంచి జీపు ఒక మలుపు తిరిగింది. అంతే, పచ్చదనం అయిపోయింది. కళ్ళెదుట నల్లటి బూడిద మైదానం. గడ్డిపరక లేదు. మధ్యలో ఆ బోడికొండ.

ముందు చూపు కాదండీ, ముందు చప్పుడు. కాదు, చప్పుడు కూడా కాదు. ఛాతీ మీద ఎవరో అరచేత్తో తోసినట్టు ఉంటుంది. ఆ తర్వాత చెవికి వినిపిస్తుంది. జీపు అంచుకి నూటయాభై మీటర్ల దాకా వెళ్తుంది, అక్కణ్ణుంచి నడక. వాసన దీపావళి మర్నాడు పొద్దున్న వీధిలో ఉండే వాసన, గంధకం. అంచున నిలబడి తొంగి చూస్తే కింద పొగ, పొగ లోపల రెండు మూడు నోళ్ళు. మా గైడు కుర్రాడు ఒకటే చెప్పాడు. "రాళ్ళు ఎగిరితే పరిగెత్తకండి. తల పైకెత్తండి. రాయి ఎక్కడికొస్తోందో చూసి పక్కకి జరగండి." ఎంత బాగా చెప్పాడో చూడండి! అందరికీ తెలిసినట్టే ఉంటుంది, కానీ ఆ క్షణంలో కాళ్ళు మాత్రం పరిగెత్తుతానంటాయి.

పొద్దు గూకింది. చీకటి పడ్డాక అసలు సంగతి. ఢామ్మని పేలడం, ఎర్రటి ముద్దలు పైకి లేవడం. మన చిచ్చుబుడ్డిలా అనబోయాను గానీ చిచ్చుబుడ్డి సూటిగా లేచి తొందరగా పడిపోతుంది. ఇవి నెమ్మదిగా లేస్తాయి. పైన ఒక్క క్షణం ఆగినట్టుంటాయి. మెల్లగా పడతాయి. మెల్లగా అనిపించడానికి కారణం అవి చిన్నవి కావు, దూరంగా ఉన్నాయి, ఒక్కొక్కటి మన గ్రైండరు రాయంత ఉంటుంది. వాలు మీద పడి, అతుక్కుని, ఎరుపు నలుపయ్యేదాకా అలా మెరుస్తూ ఉంటాయి. అవి ఆరేలోపు మళ్ళీ ఢామ్.

ఎందుకు పేలుతుంది? మాస్టారిని, చెప్పకుండా ఉండలేను. వనువాటుకి పడమటివైపు సముద్రం అడుగున, భూమి పైపొరలోని ఆస్ట్రేలియా పలక పసిఫిక్ పలక కిందికి దూరుతోంది. దూరేటప్పుడు నీటిని కూడా పట్టుకెళ్తుంది. ఆ నీరు లోపల వేడి రాతిలో కలిస్తే రాయి తొందరగా కరుగుతుంది. కరిగింది పైకి లేస్తుంది. అందులో ఆవిరీ వాయువులూ బుడగలవుతాయి. ఇక్కడిదాకా పుస్తకం. ఇక మిగతాది మీ వంటింట్లో ఉంది. రాగిజావ కాచేటప్పుడు గరిట తిప్పడం ఆపితే ఏమవుతుంది? అడుగు నుంచి పెద్ద బుడగ లేచి, పైకొచ్చి, టప్పున పగిలి, చేతి మీద చిందుతుంది. యాసూర్ అదే. గిన్నె పెద్దది, జావ పదకొండు వందల డిగ్రీలు, గరిట తిప్పేవాళ్ళు లేరు. ముప్పై మూడేళ్ళు నేను గీసిన గొట్టం బొమ్మలో ఆ బుడగ లేదు. ఎర్ర సుద్దతో మంట గీశాను. అక్కడ మంట లేదండీ! కాలుతున్నదేమీ లేదు. రాయే వెలుగుతోంది. ఇన్నేళ్ళు పిల్లలకి తప్పు బొమ్మ గీశాను. ఇక్కడున్న నా శిష్యులు క్షమించాలి.

ఆ బూడిద శాపమా వరమా అంటే ఒక్క మాటలో తేలదు. గాలి మీ ఊరివైపు తిరిగి వానతో కలిసి పడితే ఆకులు మాడిపోతాయి, తాగే నీళ్ళు పాడవుతాయి. ఏళ్ళ తరబడి నానిన బూడిదే ఆ దీవి నేలకి బలం. ఆ బలం ఏంటో వాళ్ళ తోటల్లో చూశాను, అక్కడికి వస్తాను.

ఇక ఊళ్ళ గురించి చెప్తాను. కొండ దిగిన మర్నాడు యాకెల్ అనే ఊరికి తీసుకెళ్ళారు. సంప్రదాయ గ్రామం. మగవాళ్ళకి గడ్డితో అల్లిన చిన్న గోచీ లాంటిది, నంబాస్ అంటారు. ఆడవాళ్ళకి గడ్డి పావడాలు. తాటాకు గుడిసెల్లా నేలదాకా దిగిన కప్పులు. మర్రిచెట్టు కింద ఖాళీ జాగా. కర్రతో కర్రని రుద్ది నిప్పు చేసి చూపించారు. తర్వాత ఆట. మగవాళ్ళంతా గుండ్రంగా చేరి కాళ్ళతో నేలని తొక్కుతుంటే, రాత్రి కొండ దగ్గర ఛాతీకి తగిలిన దెబ్బ ఈసారి అరికాళ్ళకి తగిలింది. అతిశయోక్తి కాదు.

నాకు మాత్రం కూర్చున్నంతసేపూ ఇబ్బందిగానే ఉంది. ఏంటిది, డబ్బులిచ్చి మనుషుల్ని చూడ్డానికొచ్చానా? వీళ్ళు నాకోసం వేషం కట్టారా? పక్కనున్న గైడుని నెమ్మదిగా అడిగాను. వాడు జీన్సు ప్యాంటులో ఉన్నాడు, ఆ చుట్టుపక్కలవాడే. "మనం వెళ్ళిపోయాక వీళ్ళు బట్టలు మార్చుకుంటారా?" అన్నాను. వాడు, "నేను ఇక్కడికి వచ్చేటప్పుడు మార్చుకోవాలా అని వాళ్ళు అడుగుతుంటారు" అన్నాడు. నోరు మూసుకున్నాను.

మనం ఏమనుకుంటామంటే, ఇలాంటి ఊళ్ళు వెనకబడిపోయి అలా మిగిలిపోయాయి, ఎవరూ చేరలేదు కాబట్టి మారలేదు, అని. నేనూ అదే అనుకుని వెళ్ళాను. అది తప్పు. తన్నాకి అందరూ చేరారు. చందనం కలప కోసం చేరారు. 1863 నుంచి చెరకు తోటల్లో పనికి మనుషుల్ని ఎక్కించుకుపోవడానికి చేరారు. మోసపుచ్చి కొందర్ని, బలవంతాన కొందర్ని. ఎక్కడికి? క్వీన్స్‌లాండ్‌కి. మా అబ్బాయి ఉన్న రాష్ట్రానికి. ఈ దీవులన్నిటి నుంచీ కలిపి అరవై వేల పైచిలుకు. తర్వాత 1901లో చట్టం చేసి, తెల్లవాళ్ళ దేశంలో మీరుండకూడదని చాలామందిని తిరిగి ఓడెక్కించారు. పక్కనున్న ఫిజీకి మనవాళ్ళు వెళ్ళింది కూడా ఆ చెరకు కోసమే. 1903 నుంచి మద్రాసు రేవులో గిర్మిట్ అనే కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి ఓడెక్కినవాళ్ళలో తెలుగువాళ్ళు ఎంతమంది! పంచదార డబ్బా మూత తీస్తే ఈ ఓడలన్నీ గుర్తొస్తాయి నాకిప్పుడు.

మిషనరీలూ చేరారు. ప్రెస్బిటీరియన్ మిషన్. చర్చిలు వెలిశాయి, బడులు వచ్చాయి. దాంతోపాటు ఆటలు మానాలి, కావా అనే వేరు పానీయం తాగడం మానాలి అన్నారు. చాలామంది మానారు కూడా. అంటే తన్నాలో జనం ఒకసారి మారారు. ఆ తర్వాతేమైంది? 1941లో ఒక ఆదివారం చర్చిలు ఖాళీ. వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ ఆటలకీ కావాకీ వెళ్ళిపోయారు. జాన్ ఫ్రమ్ అని ఒక ఆత్మ కనిపించి, మీ పద్ధతులు మీరు పట్టుకోండి అని చెప్పిందని నమ్మకం. దొరలు ఆ పెద్దల్ని జైల్లో పెట్టారు. 1942లో అమెరికా సైన్యం యుద్ధానికి ఆ దేశంలో దిగింది. తన్నా నుంచి వెయ్యి మంది దాకా కూలికి వెళ్ళారు. అక్కడ నల్లజాతి సైనికులు యూనిఫారం వేసుకుని తిరగడం చూశారు. ఆ నమ్మకంలోకి అమెరికా కూడా వచ్చి చేరింది. ఇప్పటికీ ఏటా ఫిబ్రవరి 15న సల్ఫర్ బే దగ్గర వెదురు తుపాకులు భుజాన పెట్టుకుని కవాతు చేస్తారు. ఇంకో ఊళ్ళో అయితే ఎలిజబెత్ రాణిగారి భర్త ఫిలిప్ తమ కొండదేవుడి కొడుకని నమ్మారు. 2021లో ఆయన పోతే సంతాపం పాటించారు. ఇవి చెప్తే అందరూ నవ్వుతారు. మీరూ నవ్వారు. నవ్వండి, కానీ దొర వచ్చి మీరు నా దేవుణ్ణి నమ్మాలి అంటే, సరే, మీ రాణి మొగుడు మావాడే అన్నవాళ్ళు అమాయకులా?

అక్కడ ఒక మాట ఉంది, కాస్తోమ్. ఇంగ్లీషు మాటే, బిస్లామా అనే వాళ్ళ ఉమ్మడి భాషలోకి వచ్చి మారిపోయింది. మన ఆచారం అన్న మాటకంటే బరువెక్కువ. నేల ఎవరిది, పెళ్ళి ఎవరితో, తగువు ఎలా తీరాలి, అన్నీ కాస్తోమే. దేశ రాజ్యాంగంలోనే రాసుకున్నారు, దేశంలోని నేలంతా కాస్తోమ్ ప్రకారం అక్కడి మూలవాసులదీ వాళ్ళ వారసులదీ అని. పరాయివాడు లీజుకి తీసుకోవాలే తప్ప కొనలేడు. ఇక్కడ ప్లాట్లు చేసి అమ్మేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి ఆ దేశం పనికిరాదు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు. ఆ యాకెల్ ఊళ్ళో కొందరు పెద్దలు పిల్లల్ని బడికి పంపలేదట. బడికెళ్తే కాస్తోమ్ పోతుందని. నేను బడిపంతుల్ని. ఏం చెప్పను? బడి మంచిదే అని వాదించడానికి నోటిదాకా వచ్చింది. నా బడిలో గీసిన తప్పు బొమ్మ గుర్తొచ్చింది. అయినా సరే, ఆ పిల్లలు చదువుకోవాలనే అంటాను నేను. దీనిమీద మీకు వేరే అభిప్రాయం ఉంటే తర్వాత టీ దగ్గర మాట్లాడుకుందాం.

సాయంత్రం కావా. మర్రికింద ఆ జాగాని నకమాల్ అంటారు, మన రచ్చబండ అనుకోండి. మీరు నమ్మరు, కావా మొక్క ఆకు చూస్తే అచ్చం తమలపాకే, కాస్త పెద్దది. మిరియం, తమలపాకు, కావా మూడూ ఒకే కుటుంబం. దాని వేరు నమిలి, ఆకులో ఉమ్మి, నీళ్ళు పోసి, కొబ్బరిపీచుతో వడకట్టి, చిప్పలో ఇస్తారు. నమిలేది పెళ్ళికాని కుర్రాళ్ళు. ఊఁ, మొహాలు చిట్లిస్తున్నారు. నాకు మాత్రం రాతితో దంచింది ఇచ్చారు. రుచి, బురదనీళ్ళలో మిరియం వేసినట్టు. పెదాలు మొద్దుబారాయి, తాంబూలంలో సున్నం ఎక్కువైనట్టు. తాగాక ఎవరూ మాట్లాడరు. గట్టిగా మాట్లాడితే మర్యాద కాదు. చీకట్లో ముప్పై మంది మగవాళ్ళు, ఒక్క మాట లేదు. దూరంగా కొండ ఢామ్మంటోంది. మన రచ్చబండ దగ్గర ముప్పై మంది చేరి ఇలా కూర్చోవడం జరిగే పనేనా?

ఆ చోటికి ఆడవాళ్ళు రాకూడదు. మా ఆవిడని అవతల ఆడవాళ్ళ దగ్గర కూర్చోబెట్టారు. నేను కొంచెం టెన్షన్ పడ్డాను, ఏమంటుందో అని. తిరిగొచ్చి, "మీరక్కడ నోరు మూసుకు కూర్చున్నారు, మేం కడుపుబ్బా నవ్వుకున్నాం" అంది. ఒక్క మాట ఒకరిది ఒకరికి తెలీదు. మొగలాకు బుట్ట అల్లడం నేర్పించారట. వంట కూడా చూసొచ్చింది. పెండలం, చేమదుంప తురిమి, కొబ్బరిపాలు పోసి, ఆకులో చుట్టి, కాల్చిన రాళ్ళ మధ్య పెట్టి పైన మట్టి కప్పుతారు. లాప్‌లాప్ అంటారు. మన పొట్టిక్కలు ఆవిరి మీద ఉడికితే ఇవి రాళ్ళ మీద ఉడుకుతాయి, అంతే తేడా అంది.

తుఫాను సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. మనం 1996 చూసినవాళ్ళం. ఒక్క రాత్రిలో కొబ్బరితోటలు నేలమట్టమవడం ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. వాళ్ళకి 2015 మార్చిలో పామ్ తుఫాను, అన్నిట్లోకీ పెద్ద రకం, అయిదో నంబరుది. రేకుల కప్పులు ఎగిరిపోయాయి. అరటి పోయింది. కానీ దేశం మొత్తం మీద చనిపోయినవాళ్ళు ఇరవై మంది లోపే. మనకి 1996లో వెయ్యి మందికి పైనే. జనం తక్కువ, నిజమే. అయినా కారణం ఇంకోటి కూడా ఉంది. నేలదాకా దిగిన గడ్డి కప్పు, తీగలతో కట్టిన గుడిసె గాలికి ఒదిగి ఉంటుంది. పడినా ఎవర్నీ చంపదు, నాలుగు రోజుల్లో లేపుకోవచ్చు. ఆకలికి పెండలం నేలలో ఉంది. నేలలో ఉన్నదాన్ని గాలి ఏం చేస్తుంది?

ఆ పెండలం తోటకి ఆఖరి రోజు ఒక ముసలాయన తీసుకెళ్ళాడు. నడుమెత్తు మట్టి దిబ్బలు. ఒక్కో దిబ్బకి ఒక్కో తీగ, పందిరి మీదికి పాకించారు. తీగ పట్టుకు చూస్తే నాలుగు పలకలు, అంచున రెక్కలు. మన పెండలమే, పాదు చూడగానే పోల్చుకున్నాను. నా సంతోషం చూసి ఆయన గైడు చేత అడిగించాడు. "మీ ఊళ్ళో ఇది ఉందా?" ఉంది అన్నాను, గర్వంగా. "ఎంత పొడుగొస్తుంది?" అన్నాడు. నేను తీసుకున్నది ఎప్పుడూ సంతలో ముక్క కోయించుకునే గదా. ఏదో ఇంత అని మోచెయ్యి చూపించాను. ఆయన ఏమీ అనలేదు. తన చెయ్యి తన భుజం ఎత్తుకి పెట్టి, అక్కణ్ణుంచి నేలదాకా చూపించాడు. తర్వాత నా మోచేతికేసి చూసి, పాపం అన్నట్టు తలూపాడు.

వచ్చాక పెరట్లో వేశానండీ. దిబ్బ పోసి, ఆయన చూపించినట్టే. మొన్న సంక్రాంతి ముందు తవ్వాం. జానా బెత్తెడు వచ్చింది.